ఆలన్ బ్లమ్లైన్ చరిత్రము

ఆకాశమున విమానపు ధ్వని వినబడినంతనే మన పాఠశాలలోని బాలబాలికలు తలలెత్తి చూచుట మేమెఱుగుదుము. ఆ విమానమును నడుపువారు నేలమీది వారితో మాటలాడవలసియుండును. ఆ మాటలను మోయు రేడియో తరంగములను పంపుటకును, గ్రహించుటకును ఉపయోగపడు సాధనమునకు ఏరియల్ అని పేరు. ఇంటి కప్పుమీద ఏరియల్ ఎంత ఎత్తుగ నున్నను బాధలేదు. విమానము సంగతి యట్లుగాదు. పైకి పొడుచుకొనివచ్చిన ప్రతి కడ్డీయు, ప్రతి తీగయు గాలికి అడ్డుపడి వేగమును తగ్గించును; మంచు పేరుకొనిన విఱిగిపోవును. ఈ చిక్కును తీర్చుటకు మిక్కిలి తోడ్పడిన యొక ఉపాయమును కనుగొని, 38 ఏండ్ల ప్రాయముననే విమాన ప్రమాదమున అసువులు బాసిన యొక ఇంజనీరు చరిత్రమును మా చదువరులకు తెలుపగోరుచున్నాము.

ఆలన్ డవర్ బ్లమ్లైన్ 1903వ సంవత్సరము జూను 29వ తేదీన లండను నగరములోని హ్యాంప్‌స్టెడ్ అను భాగమున జన్మించెను. తండ్రి జర్మనీ దేశమున పుట్టి బ్రిటిషు పౌరుడైనవాడు. తల్లి జెస్సీ, స్కాట్లాండు దేశీయుడగు విలియం డవర్ అను మిషనరీ కుమార్తె. ఆ డవర్ దొరగారు లండన్ మిషనరీ సొసైటీ పక్షమున దక్షిణ ఆఫ్రికాకు పోయి గ్రిక్వా జనుల నడుమ సేవచేసిరి. 1805లో విశాఖపట్టణమునకు బోధకులను పంపినదియు ఆ సొసైటీయే గనుక, ఈ కుటుంబము తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. తాతగారి పేరే మనుమనికి నడిమి పేరయ్యెను.

ఏడేండ్ల బాలుడై యుండగనే ఆలన్ తమ ఇంటి తలుపుగంటను బాగుచేసి, తాను విద్యుత్ ఇంజనీరునని సంతకము పెట్టి, తండ్రికి కూలి చీటీ నిచ్చెనట. అట్టివాడు చదువులో మొదట వెనుకబడి యుండెననిన వింతగా దోచును. పండ్రెండేండ్లు వచ్చువఱకు ధారాళముగ చదువలేకపోయెనని ఆయన సోదరి చెప్పెను. లెక్కలలో మాత్రము అప్పటికే వయస్సుకు మించిన తెలివిగలవాడు. హైగేట్ పాఠశాలలో చదివి, విద్యార్థి వేతనము సంపాదించి, సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో చేరి, 1923లో మొదటి తరగతిలో పట్టము పొందెను. చదువు నెమ్మదిగ వచ్చు బిడ్డలను తొందరపడి తీసివేయరాదని తలిదండ్రులు దీనివలన గ్రహింతురుగాక.

1924లో ఆయన టెలిఫోను సంస్థలో ఉద్యోగమున ప్రవేశించి, ఒక తీగపైని మాటలు పక్క తీగలో వినబడు లోపమును తగ్గించుటకు పాటుపడెను. 1929లో కొలంబియా గ్రామఫోను కంపెనీలో చేరెను. 1931లో ఆ కంపెనీ మఱియొకదానితో కలిసి ఇ.ఎం.ఐ. అయ్యెను. ఆ యేడే ఒకనాడు భార్య కాబోవు డొరీన్‌తో చలనచిత్రమును చూచుచుండగా, తెరపై నటుడు ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు పోవుచున్నను కంఠధ్వని మాత్రము ఒకేచోటినుండి వచ్చుట ఆయనకు లోపముగ దోచెను. రెండు చెవులకు రెండు ధ్వనులుగ వినిపించు స్టీరియో పద్ధతికి డిసెంబరు 14వ తేదీన పేటెంటు కోరెను. 1936లో లండనునుండి ఆరంభమైన టెలివిజను ప్రసారములకు వలసిన సాధనములను నిర్మించినవారిలోను ఆయన ముఖ్యుడు. మొత్తము 128 పేటెంటులు ఆయన పేరనున్నవి. ఈ పనుల నడుమనే విమానము నడుపుటయు నేర్చెను.

మనము చెప్పదలచిన ఉపాయము 1938 నాటిది. అది మొదట విమానములకై పుట్టలేదు; టెలివిజను ప్రసారములకై పుట్టినది. అంతవఱకు ఏరియల్ అనగా కడ్డీయో, తీగయో. బ్లమ్లైన్ దీనిని తలక్రిందులు చేసెను. లోహములో తరంగపు నిడివిలో సుమారు సగమంత పొడవుగల చీలికను కోసి, దాని రెండంచుల నడుమ విద్యుత్తును పెట్టినయెడల, ఆ చీలిక అంతే పొడవుగల కడ్డీవలెనే తరంగములను వెదజల్లును. తేడా యొక్కటియే: నిలువు కడ్డీ తరంగమును నిలువుగ ఊపును, నిలువు చీలిక అడ్డముగ ఊపును. లోహమున్నచోట లేకపోవుటయు, లేనిచోట ఉండుటయు పరస్పరము జోడగునని గణితముచే స్పష్టముగ నిరూపించినవాడు హెన్రీ బుకర్. అది 1946లో ప్రకటింపబడెను.

విమానమునకు ఇంతకంటె తగిన ఏరియల్ ఏమి కావలెను? విమానపు మేను లోహమే గదా. అందు చీలికను కోసి, వెనుక లోహపు పెట్టె నమర్చి, పైన విద్యుత్తును పాఱనీయని పలుచని బిళ్లతో మూసినచో, గాలికి అడ్డుపడునది ఏదియు నుండదు. అయినను పని యంతటితో ముగియలేదు. పౌరవిమానములు మాటలకు వాడు 118 మొదలు 137 మెగాహెర్ట్జుల శ్రేణిలో తరంగపు నిడివి 2 మీటర్లకు పైబడును. కావున చీలిక మీటరునకు మించును. మఱియు ఒకే శ్రుతికి బిగించిన తీగ ఆ స్వరమునకే చక్కగ పలుకునట్లు, సన్నని చీలిక ఇరుకైన శ్రేణికే చక్కగ పనిచేయును. చీలికను వెడల్పు చేసిన శ్రేణి పెరుగును. వెనుకనున్న పెట్టె లోతు తగ్గించిన శ్రేణి తగ్గును. పలుచగ నుండవలెను, పెక్కు పౌనఃపున్యములకు పలుకవలెను అను ఈ రెండు కోరికల నడుమ సంధి కుదుర్చుటయే నేటికిని ఈ శాస్త్రమున ప్రధానమైన శ్రమ.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. మేఘములు క్రమ్మినను, చీకటియైనను నేలను చూపు హెచ్.టు.ఎస్. అను రాడారును నిర్మించు పనిలో బ్లమ్లైన్ పాల్గొనెను. దాని తరంగపు నిడివి సుమారు 10 సెంటీమీటర్లు. దాని ఏరియల్ విమానపు పొట్టక్రింద బుడగవంటి కప్పులో తిరుగుచుండెను. 1942 జూను 7వ తేదీన డెఫర్డ్ విమానాశ్రయమునుండి ఒక హ్యాలిఫాక్స్ విమానము ఆ యంత్రమును పరీక్షించుటకు లేచెను. అందు బ్లమ్లైనును, ఆయన సహోద్యోగులగు బ్రౌను, బ్లైథెనులును కూడ నుండిరి. కుడివైపు చివరి ఇంజనుకు నిప్పంటుకొనెను. మంటలు ఆఱలేదు. వై నదీతీరమున వెల్ష్ బిక్నర్ దగ్గఱ విమానము కూలి, అందున్న 11 మందియు మరణించిరి. డొరీన్ ఇద్దఱు చిన్న కుమారులతో మిగిలెను.

పిమ్మట విచారింపగా, ఇంజనును పరీక్షించినపుడు ఒక చిన్న నట్టును సరిగ బిగింపకపోవుటయే కారణమని తేలెను. యుద్ధరహస్యమగుటచే ఆ దుర్వార్త వివరములు అప్పుడు ప్రజలకు తెలియలేదు. ఆ రాడారు 1943 జనవరి చివర యుద్ధములోనికి వచ్చెను. అది నగరములపై బాంబులు వేయుటకు తోడ్పడెనను మాటను దాచుట న్యాయము గాదు. అదే జాతి యంత్రము సముద్రమున ఓడలను ముంచు జలాంతర్గాములను కనిపెట్టి, నావికుల ప్రాణములను కాపాడెననుటయు సత్యమే.

ప్రమాదస్థలమునకు సమీపమున గుడ్రిచ్ కోటలోని ప్రార్థనామందిరమున, రాడారు పనిలో ప్రాణములు కోల్పోయినవారి జ్ఞాపకార్థము 1992లో రంగుటద్దముల కిటికీని నెలకొల్పిరి. ధ్వనిముద్రణకు చేసిన సేవకై 2017లో ఆయన పేర గ్రామీ సంస్థవారు సాంకేతిక బహుమానము నిచ్చిరి.

విద్యార్థులారా, లోహములోని యొక చీలికలో గొప్ప ప్రయోజనమును చూచినవాడు, ఎవరో బిగింపక విడిచిన నట్టువలన నేలకూలెను. మీలో కొందఱు ఏరియల్‌ను రూపొందింతురేమో, కొందఱు ఇంజనుకు నట్టులు బిగింతురేమో మాకు తెలియదు. ఏ పని చేసినను, దానిమీద ఆకాశమున నొకరి ప్రాణము ఆధారపడియున్నదని యెంచి చేయుడు.