వంటసాలలోని లారెన్సు సహోదరుడు

నేటి ఫ్రాన్సు దేశమునందలి లొరేన్ సీమలో 1614 ప్రాంతమున నొక బీదకుటుంబమున నికోలాసు హెర్మాన్ జన్మించెను. యౌవనమున సిపాయియై ముప్పదియేండ్ల యుద్ధములో గాయపడి కుంటివాడయ్యెను. పిదప నొక ధనికుని యింట సేవకుడై, చేతివాటము లేక వస్తువులు పగులగొట్టుచుండెను. 1640లో పారిసు నగరమందలి కర్మెలు మఠమున చేరి, లారెన్సు సహోదరుడను పేరు పొందెను.

అచ్చట నతనికి వంటపని యొప్పగించిరి. ఆ పనియన్న నతనికి స్వభావముచేతనే అయిష్టము. అయినను సుమారు పదునైదేండ్లు దానినే చేసెను. పలువురొక్కమారే పలువిధముల వస్తువుల నడుగుచున్నను, మోకరించి ప్రార్థించునప్పటి నెమ్మదియే వంటసాలలోను అతనికుండెను. పెనముమీది అట్టును తిరుగవేయుటయు దైవసేవయే యని యెంచెను.

ఈ నిలుకడ సులభముగా లభింపలేదు. మొదటి పదియేండ్లు మనస్సు మాటిమాటికి చెదరి యతనిని మిక్కిలి బాధించెను. చెదరినప్పుడెల్ల తన్ను నిందించుకొనుచు కూర్చుండక, మనస్సును మెల్లగా దేవునివైపు మరల్చి, చేతిపని సాగించెడివాడు. పని కారంభమున ప్రార్థించుట, అంతమున తన్ను పరీక్షించుకొనుట అతని వాడుక.

కాలినొప్పి హెచ్చినపిదప కూర్చుండి చెప్పులు బాగుచేయు పని చేసెను. 1691 ఫిబ్రవరి 12వ తేదీన మరణించెను. అతని లేఖలను సంభాషణలను జోసెఫ్ ద బోఫోర్ అను గురువు గ్రంథముగా కూర్చెను.

బాలబాలికలారా! అంట్లు తోమునప్పుడును, నీళ్లు తోడునప్పుడును మనస్సు పరుగిడినయెడల విసుగుకొనకుడు. దానిని మరల పిలుచుకొనుడు. పదియేండ్లు అట్లు పిలిచినవాని చరిత్ర మీరిప్పుడు చదివితిరి గదా!