బడిపిల్లవాడి పక్షాన నిలిచిన గిడుగు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజని మనలో చాలామందికి తెలుసు. వ్యావహారిక భాష కోసం పండితులతో పోరాడారనీ తెలుసు. అయితే ఆ పోరాటానికి బీజం తెలుగు బడిలో కాక సవర కొండల్లో పడిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు, గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడయ్యారు.

ఆ ఊరి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాషకు తెలుగుతో చుట్టరికం లేదు, అది ముండా కుటుంబానికి చెందినది. ఆ పిల్లలకు చదువంటే పరాయి భాషలోనే. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అందులో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోగొట్టుకున్నారు. మాటల మీదే బతుకు పెట్టుకున్న మనిషికి ఎంత కష్టం!

1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొరకు ఒక సందేహం కలిగింది: తెలుగువాళ్లు మాట్లాడేదొకటి, పుస్తకాల్లో చదివేదొకటి, ఎందుకని? గిడుగువారికి ఆ ప్రశ్న సూటిగా తగిలింది. సవర పిల్లవాడి అవస్థే ఇక్కడ తెలుగు పిల్లవాడిదీ! తన భాషలో చదువుతున్నానని పేరే గాని, వాచకం భాష ఇంట్లో ఎవరి నోటా వినబడదు. ఆదివారం తెలుగు బడిలో చెప్పే మన వాలంటీర్లకు ఇది కొత్త కాదు. ఫోనులో అమ్మమ్మతో గలగలా మాట్లాడే పిల్ల పుస్తకం తెరవగానే బిక్కమొహం వేస్తుంది.

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా రాయవచ్చని అనుమతి వచ్చింది. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించడంతో ఆ వెసులుబాటు ఎంతోకాలం నిలవలేదు. వారిని దుర్మార్గులనుకోనక్కరలేదు, భాష చెడుతుందన్న బెంగ నిజమైనదే. కాని గిడుగువారి జవాబు గడుసైనది. గ్రాంథికమే రాయాలనే పండితుల రాతల్లోనే వ్యాకరణ దోషాలు ఏరి, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో గుదిగుచ్చి చూపారు. జీవితమంతా సాధన చేసినవారికే పట్టుబడని భాష పదిహేనేళ్ల కుర్రవాడికి ఎలా వస్తుంది? తన వాదాన్ని జనంలోకి తీసుకువెళ్లడానికి 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు.

ఇంత గొడవలోనూ సవరలను మరవలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు విడిచి, డెబ్బై దాటిన వయసులో ఆయన రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.