పిడుదు కాటు జ్వరాలకు మందు.. ఆ పరిశోధన నడిపించింది మన తెలుగాయనే!

వేములవాడ: రాజన్నకు మొక్కే కోడెలైనా, ఇంటి కొట్టంలో బర్రెలైనా.. పశువులు ఉన్నచోట పిడుదులు (గోమార్లు) ఉంటాయి. కోరుట్ల వెటర్నరీ కాలేజీ విద్యార్థులకైతే పశువులను ముట్టుకోనిదే చదువు సాగదు. పిడుదు కుడితే చాలాసార్లు నొప్పే తెలియదు. అందుకే ఎక్కువమంది లైట్ తీసుకుంటారు. కానీ కొన్ని పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ప్రాణం మీదకు తెస్తాయి. వాటిలో రికెట్సియా అనే బ్యాక్టీరియాతో వచ్చే జ్వరాలకు డాక్టర్లు ముందుగా రాసేది డాక్సీసైక్లిన్. ఆ మందుల కుటుంబంలో మొదటిది పుట్టిన ల్యాబ్‌లో పరిశోధనలు నడిపించింది డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

మూడోసారికి మెట్రిక్ పాస్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని చిన్నప్పుడే కాశీ బాట పట్టారు. తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్ పాసైంది మూడో ప్రయత్నంలో! మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ మాత్రమే దక్కింది. అదే సమయంలో స్ప్రూ వ్యాధి ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాతో పొట్టనబెట్టుకుంది.

పగలు చదువు.. రాత్రి ఆస్పత్రిలో పని

తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆస్పత్రిలో కూలి పని చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తెచ్చారు. హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాకపోవడంతో 1940లో లెడర్లే కంపెనీకి మారారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు వాడే డీఈసీ మందు.. ఈ రెండూ అక్కడ ఆయన టీమ్ నుంచే వచ్చాయి.

మట్టిలో దొరికిన మందు

అదే ల్యాబ్‌లో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలను పరీక్షిస్తూ ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో ఇదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని రికెట్సియాపై ఇది పనిచేసింది. అమెరికాలో పిడుదుల వల్ల వచ్చే రాకీ మౌంటెన్ జ్వరానికీ మందు దొరికినట్టయింది. 1948 జులైలో ఈ మందును ప్రపంచానికి పరిచయం చేశారు. కొద్ది వారాలకే, ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డాక్సీసైక్లిన్ వచ్చింది 1960ల్లో. అంటే ఆయన దాన్ని చూడలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట పోస్టల్ స్టాంప్ విడుదల చేసింది.

పిడుదు కుడితే ఏం చేయాలి?

* సన్నని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు, వేళ్లతో నలపొద్దు.
* ఆ చోటును, చేతులను సబ్బుతో కడగాలి.
* తర్వాత రెండు వారాల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒంటిపై దద్దుర్లు వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.
* సొంతంగా మాత్రలు మింగొద్దు. 1957లో కర్ణాటకలో బయటపడిన క్యాసనూర్ అటవీ జ్వరం కూడా పిడుదుల వల్లే వస్తుంది. అది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు.

మందు ఉన్నా, ఆలస్యమైతే ప్రమాదమే. అందుకే పశువుల దగ్గర పనిచేశామని, పిడుదు కుట్టిందని డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆ ఒక్క మాటతో సరైన మందు త్వరగా మొదలయ్యే అవకాశం ఉంటుంది.