వరద మిగిల్చిన మనిషి: హజ్రత్ అమ్జద్ హైదరాబాదీ

ఆబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయం దగ్గర దిగి స్టేషన్ రోడ్డు వెంట నాంపల్లి వైపు నడిచేవారికి అక్కడి సందడి కొత్త కాదు. రైలు అందుకోవాలని పరుగెత్తేవారు, లాడ్జీల ముందు సామాన్లు దించుకునేవారు, హజ్‌హౌస్ మెట్ల మీద కాగితాలు చూసుకుంటూ కూర్చునే వృద్ధ దంపతులు కనిపిస్తారు. అందరి ముఖాల్లోనూ ఏదో ఒక ఆందోళన. ఉద్యోగం దొరుకుతుందా, అబ్బాయికి వీసా వస్తుందా, అమ్మాయి పెళ్ళి కుదురుతుందా, ఆసుపత్రి ఖర్చు ఎలా తీరుతుంది?

అదే నాంపల్లిలో హజ్రత్ షాహ్ ఖామోష్ దర్గా ఆవరణలో ఒక కవి సమాధి ఉన్నది. ఆయన అసలు పేరు సయ్యద్ అమ్జద్ హుసేన్. ఉర్దూ లోకం ఆయనను అమ్జద్ హైదరాబాదీ అని పిలుచుకున్నది. రుబాయీ అనే నాలుగు పాదాల పద్యంలో ఆయనకు సాటి వచ్చేవారు తక్కువ. ‘హకీముష్షుఅరా’ అని, అంటే కవులలో తత్వవేత్త అని బిరుదు పొందిన మనిషి. అయితే ఈ నెల మనం ఆయన కవిత్వం గురించి మాట్లాడుకోవడం లేదు. ఒక్క రోజులో కుటుంబాన్నంతా పోగొట్టుకుని, ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు విశ్వాసిగా ఎలా బ్రతికాడో తెలుసుకుందాం. రేపు ఏమవుతుందో తెలియని రోజుల్లో ఇంటిని ఎలా కాపాడుకోవాలో ఆయన జీవితం మనకు నేర్పుతుంది.

తల్లి చేతి పెంపకం

అమ్జద్ గారు పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో హైదరాబాద్‌లో జన్మించారు. ఊహ తెలియక ముందే తండ్రి కన్నుమూశారు. ఇంట్లో ఆస్తిపాస్తులు లేవు. తల్లి ఒక్కతే ఆ పసివాణ్ణి పెంచింది. పేదరికాన్ని సాకుగా చూపి కొడుకును చదువు మాన్పించి పనికి పంపలేదు. జామియా నిజామియాలో ఆయన ధార్మిక విద్య నేర్చుకున్నారు. అరబీ, ఫారసీ భాషలపై పట్టు సంపాదించారు. తరువాత ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. తల్లి, భార్య, బిడ్డలతో చిన్న సంసారం. జీతం కొద్దిదే అయినా ఇల్లు నిండుగా ఉండేది.

తండ్రి లేని ఇంట్లో తల్లి పడే కష్టం మనలో చాలామందికి తెలుసు. అనాథ పిల్లల బాధ్యత తలకెత్తుకున్నవారు స్వర్గంలో తనకు అతి సమీపంలో ఉంటారని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. అనాథ అనే మాట వినగానే మనం దూరాన ఉన్న శరణాలయాలను తలచుకుంటాం. నిజానికి వారు చాలాసార్లు మన బంధువుల ఇళ్ళలోనే ఉంటారు.

1908 సెప్టెంబరు 28

ఆబిడ్స్ నుండి దక్షిణంగా కొద్ది దూరం వెళ్తే అఫ్జల్‌గంజ్, దానిని ఆనుకుని మూసీ నది. నేడు బక్కచిక్కిన కాలువలా కనిపించే ఆ నది 1908 సెప్టెంబరులో నగరాన్ని ముంచెత్తింది. అది హిజ్రీ 1326. రమజాన్ మాసం అప్పుడే మొదలవుతున్నది. ఇళ్ళలో ఉపవాసాల ఏర్పాట్లు సాగుతున్నాయి. 27వ తేదీ రాత్రి కుండపోతగా వాన కురిసింది. మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 చెరువులు తెగిపోయాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి మరో దాని మీద పడటం! 28వ తేదీన ఆ నీరంతా ఒక్కటై నగరం మీదికి వచ్చింది.

వంతెనలు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయింది. దాని ఆవరణలోని ఒక పెద్ద చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఉన్నది. మొత్తం మీద దాదాపు 15 వేల మంది మరణించారని అంచనా. ఇళ్ళు పోయినవారు అంతకు ఎన్నో రెట్లు. ఆనాటి పాలకుడు మీర్ మహబూబ్ అలీఖాన్ బాధితుల కోసం తన భవనాల తలుపులు తెరిపించారు. నగరంలో అన్నశాలలు వెలిశాయి.

ఆ ప్రవాహంలోనే అమ్జద్ గారి ఇల్లూ పోయింది. తల్లి, భార్య, చిన్నారి కూతురు ముగ్గురూ ఆయన కళ్ళ ఎదుటే నీళ్ళలో కలిసిపోయారు. ఆయన ఒక్కరే మిగిలారు. సాయంత్రానికి ఆయన కొడుకూ కాదు, భర్తా కాదు, తండ్రీ కాదు. తనను కని, రెక్కలు ముక్కలు చేసుకుని పెంచిన తల్లికి సేవ చేసుకునే వయసులో ఆమెకు ఖననం చేసే భాగ్యం సైతం దక్కని స్థితి ఎంత దారుణమో ఊహించుకోండి.

నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీద్ హోదా లభిస్తుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. పోయినవారి గురించి మిగిలినవారికి ఇంతకంటే పెద్ద ఊరట మరొకటి లేదు. కాని మిగిలినవారు ఎలా బ్రతకాలి? ఆ పరీక్ష అక్కడితో తీరదు, అక్కడ మొదలవుతుంది.

ఏడుపు తప్పు కాదు

అమ్జద్ గారు తన దుఃఖాన్ని దాచుకోలేదు. ఆ వరద మీద ‘ఖయామతె సుగ్రా’ అనే కవిత రాశారు. ‘చిన్న ప్రళయం’ అని దాని అర్థం. తల్లినీ, భార్యనూ, బిడ్డనూ తలచుకుని కన్నీరు కార్చారు. కొందరు సహనమంటే రాయిలా ఉండటమని అనుకుంటారు. అది పొరపాటు. కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. హజ్రత్ యూసుఫ్ (అలై) దూరమైనప్పుడు తండ్రి యాఖూబ్ (అలై) కళ్ళు తెల్లబడేంతగా దుఃఖించారు. అయితే ఆయన తన మొరను అల్లాహ్‌కే వినిపించుకున్నారు. కన్నీరు కారుణ్యం. అల్లాహ్ నిర్ణయం మీద నోరు పారేసుకోవడమే సహనానికి విరుద్ధం.

మన ఇళ్ళలో ఒక మరణం సంభవిస్తే మూడో రోజుకే ఇక ఊరుకోమని చెబుతాం. ముఖ్యంగా మగపిల్లలను ఏడవనివ్వం. అలా అణచిపెట్టిన దుఃఖం తరువాత కోపంగానో, మౌనంగానో, వ్యసనంగానో బయటపడుతుంది. పోయినవారి గురించి ఇంట్లో ప్రేమగా మాట్లాడుకోవాలి, వారి కోసం దుఆ చేయాలి. ఇది ఇంటి ఆరోగ్యానికి అవసరం.

మళ్ళీ ఒక ఇల్లు

అమ్జద్ గారికి ముందు రెండు దారులున్నాయి. లోకం మీద విరక్తితో ఏ మూలనో కూర్చుని మిగిలిన కాలం గడిపేయవచ్చు. తసవ్వుఫ్ పట్ల మొగ్గు ఉన్న కవి కాబట్టి లోకం దానిని గొప్పగానే చెప్పుకునేది. ఆయన ఆ దారి పట్టలేదు. ప్రభుత్వ అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఉద్యోగం చేశారు. లెక్కల పుస్తకాల మధ్య కూర్చుని హలాల్ సంపాదనతో బ్రతికారు. కొంత కాలానికి తన గురువుగారి కుమార్తెను వివాహమాడారు. ‘జమాలె అమ్జద్’ అనే గ్రంథంలో తన జీవిత విశేషాలు రాసుకున్నారు. హజ్ యాత్ర చేసి వచ్చి ఆ అనుభవాలను ‘హజ్జె అమ్జద్’గా అందించారు. షేక్ సాదీ గారి గులిస్తాన్‌ను ఉర్దూలోకి తెచ్చారు. ఏక దైవారాధన, సంతృప్తి, ఆత్మ పరిశీలన, బూటకపు భక్తి పట్ల ఏవగింపు ఆయన రుబాయీలలో ముఖ్య విషయాలు.

ఒక ఇల్లు పోయిన మనిషి మళ్ళీ ఇల్లు కట్టుకోవడానికి ధైర్యం కావాలి. మళ్ళీ ప్రేమిస్తే మళ్ళీ పోగొట్టుకునే భయం ఉంటుంది. దైవప్రవక్త (స) హజ్రత్ ఖదీజా (రజి) మరణం తరువాత, ఇంట్లో ఆడపిల్లలు తల్లి లేనివారై ఉన్న వేళ హజ్రత్ సౌదా (రజి)ను వివాహమాడారు. భర్తను కోల్పోయిన హజ్రత్ ఉమ్మె సలమా (రజి), ఆయన కంటే మేలైనవారు తనకు ఎక్కడ దొరుకుతారని అనుకున్నారు. అయినా ప్రవక్త నేర్పిన దుఆను విడిచిపెట్టలేదు. అల్లాహ్ ఆమెను విశ్వాసుల మాతృమూర్తిగా చేశాడు.

మరి మన సమాజం సంగతి? భార్య పోయిన మగవానికి నలభై రోజులు దాటకముందే సంబంధాలు చూస్తాం. భర్త పోయిన ఇరవై అయిదేళ్ళ ఆడపిల్లకు ఇద్దత్ ముగిసి ఏళ్ళు గడిచినా ఎవరూ నోరు విప్పరు. ఆమె పిల్లలను చూపి ఆమె నోరు మూయిస్తాం. షరీఅత్ ఇచ్చిన హక్కును ఆచారం పేరుతో లాక్కోవడం న్యాయమేనా? ప్రతి ఇంటి పెద్ద తనను తాను ప్రశ్నించుకోవాలి.

నగరం నేర్చుకున్న పాఠం

ఆ వరదకు అమ్జద్ గారు సహనంతో జవాబిచ్చారు. నగరం మరో విధంగా జవాబిచ్చింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి వరద కారణాలు పరిశీలింపజేసింది. ఆయన సూచన ప్రకారం ఎగువన మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే తరతరాలుగా నగరానికి తాగునీరు ఇచ్చాయి. భయం నుండి పుట్టిన ముందుజాగ్రత్త మేలుగా మారింది.

ఈ రెండు జవాబులూ కలిస్తేనే తవక్కుల్ పూర్తవుతుంది. జరిగిపోయిన దాని పట్ల సహనం, జరగబోయే దాని పట్ల శ్రమ. ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ యూసుఫ్ (అలై) రాబోయే కరువు కోసం ఏడేళ్ళు ధాన్యం వెన్నుల్లోనే నిల్వ చేయించారు. దైవప్రవక్త (స) తన ఇంటివారి కోసం ఏడాదికి సరిపడే ఆహారం కేటాయించేవారు. ముందుచూపు విశ్వాసానికి లోటు కాదు.

నగరం జలాశయం కట్టుకున్నట్లు ప్రతి కుటుంబం తనకొక కట్ట కట్టుకోవాలి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో హైదరాబాద్ వీధులు మళ్ళీ నీట మునిగాయి. 2020లోనే కరోనా వచ్చి ఎన్నో ఇళ్ళలో సంపాదించే చెయ్యి ఆగిపోయింది. అప్పుడు తట్టుకున్న ఇళ్ళను గమనిస్తే కొన్ని విషయాలు బోధపడతాయి.

మొదటిది, అప్పు. పెళ్ళిళ్ళలో గొప్ప కోసం వడ్డీకి తెచ్చిన డబ్బు ఆపద రోజున మొదటి చెరువులా తెగుతుంది. దాని వెంట మిగిలినవన్నీ తెగుతాయి. దైవప్రవక్త (స) అప్పు భారం నుండి అల్లాహ్ శరణు కోరేవారు. జీతం ఎంత తక్కువైనా నెలనెలా కొంత పక్కన పెట్టాలి.

రెండవది, వసియ్యత్. రాయవలసిన విషయం ఉన్న ముస్లిం రెండు రాత్రులు కూడా వీలునామా రాసుకోకుండా గడపకూడదని మనకు బోధ ఉన్నది. ఎవరికి ఎంత బాకీ, ఎవరి నుండి ఎంత రావాలి, ఇంటి కాగితాలు ఎక్కడ ఉన్నాయి అన్నది భార్యకు తెలిసి ఉండాలి. ఆమెకు చెబితే అపశకునమని భావించడం అజ్ఞానం.

మూడవది, పిల్లలతో మాట. ఇంట్లో కష్టం వచ్చిందని పిల్లలు పెద్దల ముఖాలను బట్టి గ్రహిస్తారు. వారి వయసుకు తగినట్లు నిజం చెప్పి, కలిసి నమాజు చేసి, కలిసి తింటే వారి భయం సగం తగ్గుతుంది.

నాలుగవది, ఇరుగుపొరుగు. 1908లో చింతచెట్టు ఎక్కినవారు ఒకరినొకరు మతం అడిగి ఎక్కలేదు. పొరుగువాడు పస్తు ఉండగా తాను కడుపు నింపుకునేవాడు విశ్వాసి కాడన్న బోధలో, ఆ పొరుగువాడు ఎవరన్న షరతు లేదు.

చివరి మజిలీ

అమ్జద్ గారి జీవితకాలంలో హైదరాబాద్ 1911 ప్లేగును, 1918 ఇన్‌ఫ్లుయెంజాను, 1948 సెప్టెంబరు నాటి కల్లోలాన్ని చూసింది. ప్రభుత్వాలు మారాయి, సరిహద్దులు మారాయి, ఎందరో కొలువులు పోగొట్టుకున్నారు, ఎందరో ఊరు విడిచి వెళ్ళారు. ఆయన ఈ నేలనే అంటిపెట్టుకుని 1961లో ఇక్కడే కన్నుమూశారు. నాంపల్లి మట్టి ఆయనను తన ఒడిలోకి తీసుకున్నది.

ఎప్పుడైనా స్టేషన్‌కు వెళ్తూ మీకు కొద్ది సమయం చిక్కితే అక్కడ ఆగి సమాధుల వారికి సలాం చెప్పండి. ఆయన కోసం, వరదలో పోయిన ఆ తల్లీ, భార్యా, చిన్నారి కోసం మగ్ఫిరత్ దుఆ చేయండి. తరువాత ఇంటికి వెళ్ళి మీ తల్లి పక్కన కాసేపు కూర్చోండి. ఆమె మందులు అయిపోయాయేమో అడగండి. రేపు మన చేతిలో లేదు. ఈ సాయంత్రం మాత్రం అల్లాహ్ మనకిచ్చాడు.

మన కుటుంబాలను ఆపదల నుండి కాపాడి, ఆపద వచ్చినప్పుడు సహనాన్నీ, ఆపదకు ముందు వివేకాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.