గోరా (గోపరాజు రామచంద్రరావు)

గోరాగా సుప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902 నవంబరు 15 - 1975 జూలై 26) సంఘ సంస్కర్త, స్వాతంత్ర్య సమరయోధుడు, నాస్తికోద్యమ నాయకుడు. నాస్తిక కేంద్రం వ్యవస్థాపకుడు. దేవుడు, కర్మ, కులం, మానవ స్వేచ్ఛ వంటి విషయాలను పండిత సభల నుండి పల్లె అరుగుల మీదికి తెచ్చి, చదువురాని వారితోనూ సమానంగా చర్చించడం ఆయన ప్రత్యేకత. ఈ మార్గంలో ఆయన తండ్రి ఇంటి ఆశ్రయాన్ని, అధ్యాపక వృత్తిని కూడా వదులుకోవలసి వచ్చింది.

నేపథ్యం

తెలుగు పల్లెలకు తాత్విక చర్చ కొత్తది కాదు. రచ్చబండ మీద వేమన పద్యాలు, పురాణ కాలక్షేపాలు, భజన గోష్ఠులు, తత్త్వాలు పాడే బైరాగులు సామాన్యులకు ఆలోచన నేర్పిన బడులు. గోదావరి తీరాన, అడవుల అంచున ఉన్న భద్రాచలానికి సంబంధించిన రామదాసు కీర్తనలు ఇందుకు చక్కని ఉదాహరణ. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న భద్రాచల రామాలయం కట్టించి, గోల్కొండ చెరసాల పాలై, తన కష్టానికి కారణమేమిటని రాముణ్ణే నిలదీశాడు. ఆ కీర్తనలు భజన మందిరాల్లో నేటికీ వినిపిస్తాయి. అయితే ఆ ప్రశ్న భక్తుడు దేవుణ్ణి అడిగిన ప్రశ్న. అసలు దేవుడున్నాడా అనే ప్రశ్నను అదే పల్లె జనం ముందు పెట్టి, వారి సమాధానాన్ని ఓపికగా వినడం గోరా చేసిన పని.

బాల్యం, విద్యాభ్యాసం

రామచంద్రరావు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఛత్రపురం ఇప్పుడు ఒడిషా రాష్ట్రంలో ఉంది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందాడు. 1922లో ఆయనకు సరస్వతితో వివాహం జరిగింది. అప్పటికి ఆమె పదేళ్ళ బాలిక. తరువాతి కాలంలో సరస్వతీ గోరాగా పేరుపొందిన ఆమె భర్త చేపట్టిన ప్రతి కార్యక్రమంలోను పాల్గొనడమే కాక, ఆయన మరణానంతరం 2006లో తాను కన్నుమూసేవరకు నాస్తిక కేంద్రానికి మార్గదర్శకురాలిగా నిలిచింది.

అధ్యాపక వృత్తి, సంఘర్షణ

1925లో మదురైలోని అమెరికన్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరాడు. క్రైస్తవ మతం స్వీకరిస్తే అమెరికా వెళ్ళి పై చదువులు చదివే అవకాశం లభిస్తుందని ఆశ చూపినా ఆయన అంగీకరించలేదు. తరువాత కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధనాలయంలోను, కొలంబోలోని ఆనంద కళాశాలలోను పనిచేసి, 1928లో తాను చదివిన కాకినాడ కళాశాలకే ఉపన్యాసకుడిగా వచ్చాడు.

ఈ సంవత్సరాలలోనే ఆయన భావాలు స్థిరపడ్డాయి. జంధ్యం తీసివేయడంతో తండ్రి ఆగ్రహించి, కొడుకును, కోడలిని ఇల్లు విడిచి వెళ్ళమన్నాడు. నమ్మకాన్ని మాటతో ఖండించడం కంటె ఆచరణతో పరీక్షించడం మేలని గోరా భావించాడు. దయ్యాలున్నాయని ప్రచారం ఉన్న ఇంట్లో కాపురముండి చూపాడు. గ్రహణ సమయంలో గర్భవతి ఆరుబయటికి రాకూడదనే ఆచారాన్ని సరస్వతి ఉల్లంఘించగా, పుట్టిన బిడ్డకు ఏ లోపమూ కలగలేదు. నిప్పుల మీద నడవడానికి దైవశక్తి అక్కరలేదని ప్రజల ఎదుట నిరూపించిన ప్రదర్శనలు కూడా ఈ పద్ధతికి కొనసాగింపే.

దేవుడి భావనపై రాసిన వ్యాసం కారణంగా 1933లో కాకినాడ కళాశాల ఆయనను ఉద్యోగం నుండి తొలగించింది. మరుసటి సంవత్సరం మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరాడు. అక్కడ కూడా ఆయన నాస్తిక భావాలు వివాదాస్పదమయ్యాయి. చివరికి 1940లో కళాశాల జీవితానికి స్వస్తి చెప్పాడు. అప్పటికి ఆయనది పెద్ద కుటుంబం. జీతం తప్ప వేరే ఆధారం లేదు.

ముదునూరు

స్వాతంత్ర్య సమరయోధుడు అన్నే అంజయ్య ఆహ్వానంపై గోరా కుటుంబంతో కృష్ణా జిల్లా ముదునూరు గ్రామానికి తరలివెళ్ళాడు. 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం ప్రారంభమైంది. గోరా జీవితంలో ఇది కీలకమైన మలుపు. కళాశాలలో ఆయన మాటలు విన్నవారు ఇంగ్లీషు చదువుకున్న యువకులు. ముదునూరులో ఎదుట కూర్చున్నవారు రైతులు, కూలీలు, అస్పృశ్యులుగా దూరం పెట్టబడిన వారు. తర్కశాస్త్ర పరిభాష అక్కడ పనికిరాదు. వయోజన విద్యా తరగతులలో అక్షరాలతో పాటు ప్రశ్నలు కూడా మొదలయ్యాయి. పేదరికం పూర్వజన్మ ఫలితమా, మనుషులు చేసిన ఏర్పాటా? ఒకరిని తాకితే మైల పడతామని ఎవరు చెప్పారు? తలరాత ముందే రాసి ఉంటే మంచి చెడ్డలకు బాధ్యత ఎవరిది?

ఈ చివరి ప్రశ్నే ఆయన తత్వానికి మూలం. దైవాన్ని, విధిని నమ్మినవాడు తనను బానిసగా భావించుకుంటాడని, నమ్మనివాడు తాను స్వతంత్రుడనని గుర్తించి తన పనులకు తానే బాధ్యత వహిస్తాడని గోరా వాదన. అందువల్ల నాస్తికత్వమంటే దేవుడు లేడనడంతో ముగిసే ఖండన కాదని, నీతికి, సమానత్వానికి అది పునాది అని ఆయన చెప్పేవాడు. తెలుగులో 1941లో ప్రకటించిన పుస్తకంలోను, 1972లో వెలువడిన పాజిటివ్ ఎథీజం అనే ఆంగ్ల గ్రంథంలోను ఈ భావాలను వివరించాడు.

సహపంక్తి భోజనాలు

అన్ని కులాలవారు ఒకే వరుసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలను గోరా ప్రతి పౌర్ణమి నాడు నిర్వహించేవాడు. సమానత్వం గురించి మాటల్లో ఒప్పుకోవడం తేలిక. పక్కవాడి విస్తరి పక్కన తన విస్తరి వేసుకోవడం కష్టం. ఆనాటి పల్లెలో అలా భుజించిన వ్యక్తికి ఇంట్లో నిందలు, ఊళ్ళో వెలి ఎదురయ్యే ప్రమాదం ఉండేది. కనుక చర్చలో ఎవరెంత నిజాయితీగా తలూపారో పంక్తిలో తేలిపోయేది. తమిళనాట పెరియార్ తీవ్ర ప్రచారంతో, ఆంధ్రలో త్రిపురనేని రామస్వామి చౌదరి పద్యంతోను, నాటకంతోను మతాన్ని విమర్శించగా, గోరా సంభాషణను, భోజనాన్ని సాధనాలుగా ఎంచుకున్నాడు.

గాంధీతో సంవాదం

గోరా జాతీయోద్యమంలో పాల్గొన్నాడు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఆయనతో పాటు కుటుంబ సభ్యులు కూడా జైలుకు వెళ్ళారు. సరస్వతి పసిబిడ్డతో సహా కారాగారవాసం చేసింది. పిల్లల పేర్లలో సైతం కాలం కనిపిస్తుంది. 1930 ఉప్పు సత్యాగ్రహ కాలంలో పుట్టిన కుమారుడు లవణం, రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కుమారుడు సమరం, తొమ్మిదవ సంతానం నౌ.

దేవుడు అనే మాటకు అర్థమేమిటని అడుగుతూ గోరా 1930లోనే గాంధీకి లేఖ రాశాడు. దేవుడు మానవ బుద్ధికి అతీతుడన్న సమాధానం ఆయనకు తృప్తి కలిగించలేదు. 1944 చివరలో సేవాగ్రాం ఆశ్రమంలో ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకున్నారు. అస్పృశ్యత పోవాలంటే మనిషి హిందువు, ముస్లిము అనే ముద్రలు వదలి మనిషిగా మిగలాలని, అందుకు నాస్తికత్వమే తోవ అని గోరా తన పల్లె అనుభవంతో వివరించాడు. తన ఆస్తికత్వమే సరైనదని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని తాను చెప్పలేనని గాంధీ అన్నట్లు గోరా తరువాత రాశాడు. ఈ సంభాషణలను 1951లో ఎన్ ఎథీస్ట్ విత్ గాంధీ అనే ఆంగ్ల గ్రంథంగా ప్రకటించాడు.

గోరా పెద్ద కుమార్తె మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు వివాహం జరిపించడానికి గాంధీ అంగీకరించాడు. వివాహ ప్రమాణంలో దైవం స్థానంలో సత్యం ఉండడానికి కూడా సమ్మతించాడు. 1948 జనవరి 30న గాంధీ హత్యకు గురికావడంతో ఆ వివాహం మార్చి నెలలో ఆయన లేని సేవాగ్రాంలోనే జరిగింది.

స్వాతంత్ర్యానంతరం

1947లో నాస్తిక కేంద్రం విజయవాడ పటమటకు మారింది. 1949లో సంఘం అనే వారపత్రికను, 1969లో ది ఎథీస్ట్ అనే ఆంగ్ల మాసపత్రికను గోరా ప్రారంభించాడు. రాజకీయ పార్టీలు ప్రజలను చీలుస్తాయని భావించి పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రతిపాదించి, 1952, 1967 ఎన్నికలలో పోటీ చేశాడు. రెండుసార్లూ ఓడిపోయాడు. మంత్రులు ఆడంబరాలు మాని నిరాడంబరంగా జీవించాలని కోరుతూ 1961-62లో సేవాగ్రాం నుండి ఢిల్లీ వరకు 99 రోజుల పాటు సుమారు 1,100 మైళ్ళ పాదయాత్ర చేశాడు.

1972లో విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించిన విందు ఏర్పాటు చేయడం తీవ్ర విమర్శలకు దారితీసింది. అది రెండు మతాలవారి మనసులనూ నొప్పించింది. ఆహార నిషేధాలే మనుషులను విడదీస్తున్నాయన్నది గోరా సమాధానం. అదే సంవత్సరం డిసెంబరులో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ విజయవాడలో జరిగింది.

మరణం, ప్రభావం

1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూనే గోరా కుప్పకూలి మరణించాడు. 2002లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. కుమారుడు లవణం, గుర్రం జాషువా కుమార్తె అయిన ఆయన భార్య హేమలత స్టూవర్టుపురంలో నేరస్థ జాతిగా ముద్రపడిన కుటుంబాల పునరావాసానికి, జోగినీ వ్యవస్థ నిర్మూలనకు కృషి చేశారు.

గోరా మాటలు విన్నవారందరూ నాస్తికులు కాలేదు. పార్టీరహిత రాజకీయం వేళ్ళూనలేదు. ఐతే దేవుణ్ణి నమ్మేవాడు, నమ్మనివాడు ఒకే పంక్తిలో కూర్చుని, ఒకరి మాట మరొకరు విని, తేలని ప్రశ్నను మరుసటి పౌర్ణమికి వాయిదా వేసుకోవచ్చునన్న అలవాటును ఆయన పల్లెలకు పరిచయం చేశాడు. నాస్తికుడైన గోరా పట్ల ఆస్తికులైన గాంధేయవాదులు కూడా గౌరవం చూపడానికి ఈ పద్ధతే ముఖ్య కారణం.