వేమన అభిమాని బ్రౌను

అభిమానం మాటలలో గాక దినచర్యలో కనిపించాలి. అందుకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను జీవితమే నిదర్శనం.

1798లో కలకత్తాలో జన్మించిన బ్రౌను, 1820లో కుంపిణీ ఉద్యోగిగా కడపకు వచ్చి తెలుగు నేర్చారు. నాటి పండితులు చిన్నచూపు చూసిన వేమనపై మక్కువ పెంచుకొన్నారు. ఒకవైపు కచేరీ పని చూచుకొంటూనే వ్రాతప్రతులు సేకరించారు. స్వంత జీతంతో పండితులను పోషించి వాటిని పరిష్కరింపజేశారు. అప్పులైనా వెనుదీయలేదు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించారు. 1852లో తెలుగు నిఘంటువుతోపాటు, ఉర్దూ, పారశీక పదాలు మెండుగా గల కచేరీ పదాల నిఘంటువునూ వెలువరించారు. మన కళాశాలలోని రెండు భాషలూ ఆయన కృషిలో చేయి కలిపాయి. 1884లో లండనులో కన్నుమూశారు.

విద్యార్థులారా! తీరిక దొరికాక చూద్దామని అభిరుచిని వాయిదా వేయకండి. బ్రౌనుకు తీరిక దొరకలేదు, ఆయనే కల్పించుకొన్నారు.