సైక్లోనుకు పేరు పెట్టిన కెప్టెన్

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మా తెలుగు పిల్లల ఇళ్లలో ఫోన్లు ఎక్కువవుతాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి, అక్కడ గాలి ఎలా ఉందని అడుగుతాం. బంగాళాఖాతంలో పుట్టిన తుఫానుకు పేరు పెట్టేది మాత్రం ఇక్కడే, ఢిల్లీ లోధీ రోడ్డులోని మౌసమ్ భవన్‌లో. అసలు సైక్లోను అనే మాటనే పుట్టించిన మనిషి గురించి ఈసారి రాస్తున్నాం.

హెన్రీ పిడ్డింగ్టన్ 1797లో ఇంగ్లండులో పుట్టారు. వర్తక నౌకల్లో పనిచేసి కెప్టెన్ అయ్యారు. ఇండియా, చైనా సముద్రాల్లో తిరిగి, చివరికి కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడ ఓడ ప్రమాదాలను విచారించే కోర్టుకు అధ్యక్షులుగా ఉన్నారు. కర్నల్ రీడ్ 1838లో ప్రచురించిన తుఫానుల పుస్తకం చదివాక ఆయనకు ఆ పిచ్చే పట్టుకుంది. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల లాగ్‌బుక్కులు తెప్పించుకునేవారు. ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచింది, బారోమీటరు ఎంత పడిపోయింది అని చూసి, ఒక్కొక్కటీ మ్యాపు మీద గుర్తు పెట్టేవారు.

అలా ఆయన పరిశీలించిన వాటిలో మన కోరంగి తుఫాను ఒకటి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి అప్పట్లో ఓడలు కట్టే రేవు. 1789లో ఒకసారి ఉప్పెనలో మునిగింది, 1839 నవంబరులో మళ్లీ నాశనమైంది. ఇప్పుడు అక్కడికి సెలవుల్లో వెళితే మడ అడవి చూస్తాం.

చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ ఇంకా వింతగా ఉంటుంది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర అది తుఫానులో పడి, గాలికి తోక చూపి పరుగెత్తింది. నేరుగా పోతున్నామని ఓడవాళ్లు అనుకున్నారు. పిడ్డింగ్టన్ లాగ్‌బుక్కు చూసి గీత గీస్తే, ఆ ఓడ రోజుల తరబడి తుఫాను చుట్టూనే గుండ్రంగా తిరిగిందని తేలింది!

అందుకే 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఆయన పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి సైక్లోను అనే పేరు తయారుచేశారు. మన వాయుగుండం అనే మాటలోనూ ఆ గుండ్రటి సుడే కనిపిస్తుంది కదా. పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పల్చని రేకులు రెండు ఇచ్చారు. వాటిలోంచి అవతలిది కనిపిస్తుంది. వాటి మీద వలయాలు, గాలి బాణాలు ఉంటాయి. ఒకటి ఉత్తరార్ధగోళానికి, రెండోది దక్షిణార్ధగోళానికి. మ్యాపులో మన ఓడ ఉన్నచోట, వీస్తున్న గాలికి సరిపోయే బాణం వచ్చేలా రేకు పెడితే, తుఫాను కేంద్రం ఎటు ఉందో తెలిసిపోతుంది.

రేకు లేకపోయినా ఫరవాలేదు. మన వైపు సముద్రాల్లో గాలికి ఎదురుగా నిలబడితే, కేంద్రం కుడి చేతివైపు, కాస్త వెనగ్గా ఉంటుంది. గాలి దిశ మారకుండా బారోమీటరు పడిపోతూ ఉంటే తుఫాను మన మీదికే వస్తోందన్నమాట. ఓడ పెద్దదైనా, సరదాకు నడిపే చిన్న తెరచాప పడవైనా ఇది మారదు. సికింద్రాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన మాలో కొందరు హుస్సేన్ సాగర్‌లో అలాంటి పడవలు చూశారు. వాటిని నడిపేవాళ్లు కూడా ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటారు. మన ఢిల్లీ ఆంధీకి మాత్రం ఈ కుడిచేతి లెక్క పనిచేయదు, అది చాలా చిన్న గాలి.

కలకత్తాకు దక్షిణంగా మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు, 1853లో పిడ్డింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశారు. అక్కడ తుఫాను వస్తే సముద్రం ఊరి మీదికే వస్తుందని హెచ్చరించారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆయన 1858లో కన్నుమూశారు. ఆ తరువాత పోర్ట్ కానింగ్ అనే పేరుతో రేవు తయారైంది. 1867 నవంబరులో తుఫాను వచ్చి, నీళ్లు ఊరి మీదుగా పోయాయి. కొద్ది సంవత్సరాల్లోనే ఆ రేవును వదిలేశారు.